రూకీ లైన్‌మన్ బ్లాకింగ్ బాగుందో లేదో మీరే చూసి తేల్చుకోవడం ఎలా?

ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్ ముగియగానే నా ఫోన్‌కి వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "అన్నా, ఆ కొత్త టాకిల్ బాగా ఆడాడా లేదా? టీవీలో నాకేమీ అర్థం కాలేదు." డాలస్ దగ్గర ఉండే స్నేహితులు అడుగుతారు, రాత్రంతా మేలుకుని హైదరాబాద్‌లో మ్యాచ్ చూసే తమ్ముళ్ళూ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు నేను చూసే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. మీకు ఆట ప్రాథమిక నియమాలు తెలిస్తే చాలు. కోచింగ్ అనుభవం అక్కర్లేదు. రూకీ అంటే మొదటి సీజన్ ఆడుతున్నవాడు. లైన్‌మన్‌లంటే క్వార్టర్‌బ్యాక్ ముందు వరసగా నిలబడి ఎదుటివాళ్ళని అడ్డుకునే (బ్లాక్ చేసే) ఐదుగురు: మధ్యలో సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డ్‌లు, రెండు చివర్లలో టాకిల్‌లు.

ఒక్క విషయం ముందే చెప్పాలి. క్వార్టర్‌బ్యాక్‌కి పాస్‌లు, యార్డ్‌లు ఉంటాయి. రిసీవర్‌కి క్యాచ్‌లు ఉంటాయి. లైన్‌మన్‌కి అలాంటి అధికారిక లెక్క ఏదీ లేదు. ఏ సాక్ (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) ఎవరి వల్ల వచ్చిందన్నది కూడా ఎన్‌ఎఫ్‌ఎల్ అధికారికంగా లెక్కగట్టదు. బయటి సంస్థలు వీడియో చూసి ఎవరి లెక్క వాళ్ళు వేస్తాయి, అందుకే ఒకరి లెక్క ఇంకొకరితో కలవదు. కాబట్టి ఈ ఆటగాడి విషయంలో మీ కళ్ళతో చూడటానికి చాలా విలువ ఉంది.

కావలసినవి

మ్యాచ్ రికార్డింగ్: వెనక్కి తిప్పి, నెమ్మదిగా నడిపి చూడగలిగేది ఉండాలి. అమెరికాలో ఉంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లస్ ప్రీమియమ్‌లో 'ఆల్ 22' వీడియో దొరుకుతుంది. మైదానంలోని 22 మందీ ఒకే ఫ్రేమ్‌లో కనిపించే కోచ్‌ల వీడియో ఇది. ఇందులో ఎండ్ జోన్ వెనక నుంచి తీసిన కోణం ఉంటుంది. లైన్‌మన్‌ని అంచనా వేయడానికి దాన్ని మించింది లేదు.

ఒక నోట్‌బుక్ లేదా స్ప్రెడ్‌షీట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్.

జెర్సీ నంబర్: లైన్‌మన్‌ల నంబర్లు 50 నుంచి 79 మధ్య ఉంటాయి. ముందే రాసి పెట్టుకోండి. రూకీ ఎవరి స్థానంలోనైనా మధ్యలో దిగితే నంబర్ చూసే గుర్తుపట్టాలి.

సమయం: మ్యాచ్‌లో ఒక స్టార్టర్ (మొదటి నుంచీ ఆడేవాడు) దాదాపు 60 నుంచి 70 స్నాప్‌లు ఆడతాడు. సెంటర్ బంతిని వెనక్కి అందించడంతో మొదలయ్యే ఒక్కో ప్లే ఒక స్నాప్. అన్నీ సరిగ్గా చూడాలంటే మొదట్లో మూడు గంటలు పడుతుంది. అలవాటైతే గంటన్నర.

ఆల్ 22 దొరకకపోతే మామూలు టీవీ ప్రసారంతోనే మొదలుపెట్టండి. స్నాప్ క్షణంలో లైన్ మొత్తం కనిపిస్తుంది, మొదటి రెండు సెకన్లు బాగానే తెలుస్తుంది. ఆ తర్వాత కెమెరా బంతి వెంట పోతుంది. రీప్లేలలో మాత్రం అప్పుడప్పుడు ఎండ్ జోన్ కోణం చూపిస్తారు, వాటిని వదలకండి.

1. మ్యాచ్ పెట్టే ముందు ఆ కుర్రాడి గురించి రెండు సంగతులు తెలుసుకోండి

కాలేజీలో ఏ స్థానంలో ఆడాడు? ఇప్పుడు ఏ స్థానంలో ఆడుతున్నాడు? ఈ రెండూ వేరైతే మీ అంచనాలో మొదటి నెల వరకు కొంచెం ఓపిక పట్టాలి. ఎడమ వైపు నుంచి కుడి వైపుకి మారడమంటే వెనక్కి వేసే కాలు, ముందు తగిలే చెయ్యి, చూపు తిప్పే దిశ అన్నీ తలకిందులవుతాయి. కుడిచేత్తో రాసేవాడికి ఎడమచేతికి పెన్ను ఇచ్చినట్టు.

2021 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళని జట్లు వరసగా ఎంచుకునే కార్యక్రమం) డెట్రాయిట్ లయన్స్ ఏడో పిక్‌తో తీసుకున్న పెనే సూవెల్ దీనికి మంచి ఉదాహరణ. ఒరెగాన్‌లో లెఫ్ట్ టాకిల్. కోవిడ్ కారణంగా 2020 సీజన్ అసలు ఆడలేదు. లయన్స్ అతన్ని రైట్ టాకిల్‌గా తయారుచేశారు, ప్రీసీజన్‌లో తడబడ్డాడు. సరిగ్గా సీజన్ మొదలయ్యే ముందు లెఫ్ట్ టాకిల్ టేలర్ డెకర్‌కి గాయం కావడంతో మళ్ళీ ఎడమ వైపుకి పంపారు, మొదటి మ్యాచ్‌లోనే ఎదురుగా నిక్ బోసా, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే మేటి రషర్లలో ఒకడు. ఆ ప్రీసీజన్ క్లిప్పులు చూసి "ఈ పిక్ దండగ" అన్నవాళ్ళు చాలామంది. అదే సూవెల్ 2023లో ఫస్ట్ టీమ్ ఆల్ ప్రో, అంటే ఆ ఏడాది లీగ్‌లో తన స్థానంలో అత్యుత్తముల్లో ఒకడు.

2024లో చార్జర్స్ తీసుకున్న జో ఆల్ట్ కూడా ఇంతే. నోటర్ డేమ్‌లో లెఫ్ట్ టాకిల్, చార్జర్స్‌లో అప్పటికే రషాన్ స్లేటర్ ఉండటంతో రైట్ టాకిల్‌కి మారాడు. అదే ఏడాది కౌబాయ్స్ తీసుకున్న టైలర్ గైటన్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఓక్లహోమాలో ఎక్కువగా కుడి వైపు ఆడినవాడిని ఎడమ వైపు నిలబెట్టారు.

2. ఎదురుగా ఎవరున్నారో రాసుకోండి

ఇకెమ్ ఎక్వొను 2022లో పాంథర్స్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే బ్రౌన్స్ ఆటగాడు మైల్స్ గ్యారెట్‌ని ఎదుర్కోవాల్సి వచ్చింది, ఇబ్బంది పడ్డాడు. ఆ ఒక్క మ్యాచ్ మీద తీర్పు చెబితే కొన్ని వారాల తర్వాత అతను కుదురుకున్న ఆట మీ లెక్కలోకే రాదు. గ్యారెట్ లాంటివాళ్ళ ముందు అనుభవజ్ఞులూ ఓడతారు. ప్రీసీజన్ దీనికి రెండో వైపు. అక్కడ ఎదురుగా ఉండేది తరచుగా జట్టులో చోటు కూడా దొరకని ఆటగాడే, కాబట్టి ఆ మంచి మార్కుల్ని సగానికి తగ్గించుకోండి.

ప్రతి స్నాప్‌కీ ఎదుటివాడి నంబర్ రాయండి. డిఫెన్స్ మంచి రషర్‌ని కావాలని రూకీ వైపుకి మారుస్తుంది. మూడో క్వార్టర్‌లో అలా మార్చడం మొదలైందంటే, ఆ జట్టు కోచ్‌లు ఆ కుర్రాడిలో ఏదో బలహీనత కనిపెట్టారని అర్థం.

3. ఒక్కో స్నాప్‌ని మూడుసార్లు చూడండి

మొదటిసారి మామూలు వేగంతో, ఆట మొత్తం చూడండి: రన్నా, పాసా, ఏమైంది. రెండోసారి మీ లైన్‌మన్‌ని మాత్రమే, నెమ్మదిగా. మూడోసారి అతని పక్కన ఉన్న ఇద్దరిని కూడా కలిపి.

రెండోసారి చూసేటప్పుడు బంతి వైపు కన్ను పోనివ్వకండి. చెప్పడానికి సులువే, మొదటి మ్యాచ్‌లో మాత్రం చాలా కష్టం. నేను మొదట్లో టీవీ మీద క్వార్టర్‌బ్యాక్ ఉన్న చోట ఒక అట్టముక్క అంటించి చూశాను. మీకూ అవసరమైతే అలాగే చేయండి.

4. పాస్ బ్లాకింగ్‌లో చూడాల్సినవి

నా దృష్టిలో రూకీ గురించి సగం సమాధానం ఇక్కడే ఉంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటి అడుగు: స్నాప్ అవగానే కదిలాడా, లేక అందరికంటే ఆలస్యంగానా? వీడియో ఆపి లైన్ మొత్తాన్ని చూడండి. నలుగురు కదిలి ఇతను ఇంకా నేల మీదే ఉంటే, బయటి నుంచి వేగంగా వచ్చే రషర్‌ని తర్వాత అందుకోలేడు. ఆలస్యాన్ని సరిచేయడానికి ముందే కదిలితే ఫాల్స్ స్టార్ట్, ఐదు యార్డ్‌లు పోతాయి. ఈ రెండూ ఒకే జబ్బుకి రెండు లక్షణాలు. ప్రత్యర్థి మైదానంలో హోరు ఎక్కువగా ఉన్న మ్యాచ్‌లో ఇవి పెరుగుతాయి, అది కూడా పక్కన రాయండి.

తుంటి: టాకిల్ వెనక్కి జరుగుతూ తుంటిని మరీ త్వరగా పక్కకి తిప్పేస్తే తలుపు తెరిచినట్టే. రషర్ బయటికి వెళ్తున్నట్టు నటించి లోపలి నుంచి దూరతాడు. క్వార్టర్‌బ్యాక్‌కి లోపలి దారి దగ్గర దారి, కాబట్టి లోపలి నుంచి ఓడిపోవడం బయటి నుంచి ఓడిపోవడం కంటే పెద్ద తప్పు. నేను దీనికి మార్కు ఎక్కువ కోస్తాను.

నడుమా, మోకాళ్ళా: మంచి లైన్‌మన్ మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా ఉంచి కూర్చున్నట్టు ఉంటాడు. అలసిపోయినవాడు, కంగారుపడ్డవాడు నడుము వంచి ముందుకి వాలతాడు. తల కాలి వేళ్ళను దాటి ముందుకి వచ్చిందంటే రషర్ చెయ్యి కొట్టి పక్క నుంచి జారిపోతాడు. నాలుగో క్వార్టర్ స్నాప్‌లు మొదటి క్వార్టర్ వాటితో పక్కపక్కన పెట్టి చూడండి.

చేతులు: ఎవరి చేతులు ముందు తగిలాయి? లోపల, ఛాతీ మీద పడ్డాయా, లేక బయట భుజాల మీదా? బయట పడ్డ చేతులు రెండు నష్టాలు తెస్తాయి. పట్టు దొరకదు, హోల్డింగ్ పిలిచే అవకాశం పెరుగుతుంది. హోల్డింగ్ అంటే పది యార్డ్‌లు. రిఫరీ జెండా వేయకపోయినా మీకు కనిపిస్తే రాయండి, ఈ వారం తప్పించుకున్నది వచ్చే వారం పిలుస్తారు.

బుల్ రష్‌ని ఆపడం: రషర్ నేరుగా గుండెల మీదికి తోసుకొచ్చినప్పుడు ఒకటి రెండు అడుగులు వెనక్కి పోవడం సహజం. ఆ తర్వాత కాళ్ళు నేలలో నాటుకున్నాయా లేదా అన్నదే చూడాలి. క్వార్టర్‌బ్యాక్ ఒళ్ళో పడేదాకా వెనక్కి నడిస్తే అది ఓటమే, సాక్ కాకపోయినా సరే. కాలేజీ నుంచి వచ్చిన చాలామంది మొదట దెబ్బతినేది వేగం దగ్గర అనుకుంటాం, నేను చూసినంతలో బలం దగ్గరే ఎక్కువ.

స్టంట్‌లు: ఇద్దరు రషర్లు దారులు మార్చుకుంటూ వస్తారు. ఒకడు లోపలికి గుద్దుతాడు, రెండోవాడు అతని వెనక నుంచి తిరిగి వస్తాడు. రూకీ తన మనిషి వెంటే పోతే తిరిగి వచ్చేవాడికి దారి ఖాళీ. కళ్ళు ఎటున్నాయో చూడండి. తన రషర్‌ని పక్కవాడికి అప్పగించి తల తిప్పి కొత్తవాడిని వెతికాడంటే అది మంచి మార్కు. నవంబర్‌కి ఇది కుదిరితే ఆ కుర్రాడు నేర్చుకుంటున్నట్టే.

ఇక స్టాప్‌వాచ్ పని. స్నాప్ నుంచి బంతి విడిచే వరకు సమయం కొలవండి. క్రీడా ఛానల్ ఈఎస్‌పీఎన్ వాడే పాస్ బ్లాక్ విన్ రేట్‌లో (బ్లాకర్ ఎన్నిసార్లు గెలిచాడన్న శాతం) గీత 2.5 సెకన్లు. అంతసేపు బ్లాక్ నిలబడితే గెలుపు. మీరూ అదే గీత పెట్టుకోండి. బంతి ఒకటిన్నర సెకనులో వెళ్ళిపోతే ఆ స్నాప్‌లో పరీక్షే జరగలేదు, మార్కు వేయకుండా వదిలేయండి. మూడున్నర సెకన్ల తర్వాత సాక్ అయితే అది ఎక్కువగా క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని నిలబడ్డందువల్ల.

గమనిక: అందవికారంగా ఉన్న బ్లాక్ చెడ్డ బ్లాక్ కాదు. బయటి నుంచి దూసుకొచ్చిన రషర్‌ని లైన్‌మన్ తడబడుతూనే క్వార్టర్‌బ్యాక్ వెనక నుంచి దాటించేస్తే పని పూర్తయినట్టే.

5. రన్ బ్లాకింగ్

ఇక్కడ ఒకటే ప్రశ్నతో మొదలుపెట్టండి: ప్లే ముగిసేసరికి మన లైన్‌మన్ ఒళ్ళు డిఫెండర్‌కీ బంతి పట్టుకున్నవాడికీ మధ్యలో ఉందా? ఉంటే గెలుపు. తర్వాత ఇద్దరు కలిసి ఒకడిని తోసే డబుల్ టీమ్ చూడండి. ఇద్దరి తుంటులు ఆనుకుని ఉండాలి. రూకీలు లైన్‌బ్యాకర్‌ని (డిఫెన్స్ రెండో వరసలో నిలబడేవాడు) అందుకోవాలన్న తొందరలో పక్కవాడికి సాయం పూర్తికాకముందే వదిలి వెళ్ళిపోతారు. లేదా మరీ ఆలస్యంగా వెళ్ళి లైన్‌బ్యాకర్‌ని తాకకుండానే పక్క నుంచి పరుగెత్తుతారు.

ఎన్ని యార్డ్‌లు వచ్చాయన్నది చూసి మార్కు వేయకండి. రెండు యార్డ్‌ల రన్‌లో మన కుర్రాడి బ్లాక్ అద్భుతంగా ఉండొచ్చు, తప్పు మన లైన్‌లోనే అవతలి వైపు గార్డ్‌ది కావచ్చు. నలభై యార్డ్‌ల రన్‌లో ఇతను చిత్తుగా ఓడిపోయి కూడా ఉండొచ్చు.

6. తప్పు నిజంగా ఇతనిదేనా?

మార్కు తీసేముందు ఈ ప్రశ్న ప్రతిసారీ వేసుకోండి. లైన్ మొత్తం ఒక వైపుకి జరిగే స్లైడ్ ప్రొటెక్షన్‌లో టాకిల్ ఎదురుగా ఉన్నవాడిని వదిలేసినట్టు కనిపిస్తాడు, నిజానికి వాడు రన్నింగ్ బ్యాక్ బాధ్యత. ఐదుగురూ ఎటు అడుగు వేశారో చూస్తే స్లైడ్ తెలిసిపోతుంది. మిగతా నలుగురూ ఎడమకి అడుగేసి మన లైన్‌మన్ ఒక్కడే నేరుగా వెనక్కి వేస్తే, బహుశా అతను పిలుపు వినలేదు.

అయినా ప్లే కాల్ ఏమిటో మనకి తెలియదు. రెండు వివరణలూ సాధ్యమనిపిస్తే ప్రశ్నార్థకం పెట్టి ముందుకి వెళ్ళండి. 65 స్నాప్‌లలో ఐదారు ప్రశ్నార్థకాలు ఉండటం ఆరోగ్యకరం. ఒక్కటీ లేకపోతే మీరు ఊహించి రాస్తున్నారని అనుమానించండి.

సాయం కూడా రాయండి. పక్కన టైట్ ఎండ్ నిలబడి రషర్‌ని తట్టి వెళ్ళాడా? గార్డ్ ఖాళీగా ఉండి ఇతని వైపు జరిగాడా? ఒక టాకిల్‌కి మ్యాచ్ మొత్తం సాయం పంపితే, సాక్ లేకపోవడం అతని గొప్ప కాదు. సాయం లేకుండా ఒంటరిగా నిలబడ్డ స్నాప్‌లే అసలు పరీక్ష.

7. మార్కులు వేయండి

ఆటగాళ్ళకి గ్రేడ్‌లు ఇచ్చే పీఎఫ్ఎఫ్ సంస్థ ప్రతి ప్లేకీ మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు అరమార్కు తేడాలతో వేసి, తర్వాత దాన్ని 0 నుంచి 100కి మారుస్తుంది. మీకు అంత సూక్ష్మం వద్దు. మూడు చాలు: పని చేశాడు ప్లస్, పని చేయలేదు మైనస్, పరీక్ష జరగలేదు సున్నా. పక్కన ఒకే ఒక మాట రాయండి, ఎందుకో. నా షీట్‌లో ఒక వరుస ఇలా ఉంటుంది:

"రెండో క్వార్టర్, మూడో డౌన్, 8 యార్డ్‌లు. పాస్. ఎదురుగా 95, బయట. సాయం లేదు. బంతి విడిచింది 2.8 సెకన్లకి, బ్లాక్ 2.5 కంటే ముందే పోయింది. మైనస్. తుంటి ముందే తిప్పాడు, లోపలి నుంచి దూరాడు."

మ్యాచ్ అయ్యాక ప్లస్‌లని, ప్లస్ మైనస్‌ల మొత్తంతో భాగించండి. పాస్‌కీ రన్‌కీ విడివిడిగా. కలిపేస్తే ఒక దాని బలం ఇంకో దాని బలహీనతని కప్పేస్తుంది.

8. మైనస్‌లని రకాలుగా విడదీయండి

చాలామంది శాతం లెక్క దగ్గరే ఆగిపోతారు, అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పది మైనస్‌లు పది రకాలైతే అది అనుభవం లేకపోవడం. పదిలో ఏడు ఒకే తప్పు అయితే అది లోపం, ప్రత్యర్థులందరూ దాన్నే పట్టుకుంటారు. నాలుగు వారాల తర్వాత ఆ ఏడు మూడుకి దిగిందా, తొమ్మిదికి పెరిగిందా? రూకీ గురించి నన్ను ఎవరడిగినా నేను చెప్పేది ఈ సంఖ్యే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

సాక్‌లు మాత్రమే లెక్కపెట్టడం. సాక్ కాకుండా క్వార్టర్‌బ్యాక్‌ని తొందరపెట్టిన ప్రెషర్‌లు చాలా ఎక్కువ, వాటితోనే ఆట పాడవుతుంది. సూపర్ బౌల్ 55 గుర్తు చేసుకోండి. చీఫ్స్‌కి ఇద్దరు టాకిల్‌లూ గాయాలతో లేరు, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ మీద 29 ప్రెషర్‌లు వచ్చాయి, స్కోరు 31-9. ఆ రోజు అతను సాక్ అయింది మూడుసార్లే.

క్లిప్పులు చూసి తీర్పు చెప్పడం. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఇక్కడ ఆ సూత్రం పనిచేయదు. ఎదుటివాడిని నేలకేసి కొట్టిన పాన్‌కేక్ బ్లాక్ ఒకటి అందరూ పంచుకుంటారు, మిగతా 64 స్నాప్‌లు ఎవరూ చూడరు.

డ్రాఫ్ట్ స్థానం చూసి మార్కులు మార్చడం. చీఫ్స్ ఆ ఓటమి తర్వాత 2021లో సెంటర్ క్రీడ్ హంఫ్రీని రెండో రౌండ్‌లో, గార్డ్ ట్రే స్మిత్‌ని ఆరో రౌండ్‌లో తీసుకున్నారు. ఇద్దరూ రూకీ ఏడాదిలోనే 17 మ్యాచ్‌లూ స్టార్ట్ చేశారు.

సెంటర్‌నీ టాకిల్‌నీ ఒకే కొలబద్దతో కొలవడం. సెంటర్ పక్కన సాయం తరచుగా ఉంటుంది, అతని విషయంలో స్నాప్ నాణ్యత, పక్కవాళ్ళకి పిలుపు ఇవ్వడం ముఖ్యం. టాకిల్ ఒంటరివాడు.

మీ మార్కులు సరైనవో కాదో ఎలా చూసుకోవాలి?

రెండు రోజులాగి, పాత మార్కులు చూడకుండా, అదే మ్యాచ్‌లో 20 స్నాప్‌లకి మళ్ళీ వేయండి. 17 లేదా అంతకంటే ఎక్కువ కలిస్తే మీ కన్ను నిలకడగా ఉంది. తక్కువైతే మీ 'మైనస్' అంటే ఏమిటో మీకే స్పష్టంగా లేదు. ఒక వాక్యంలో రాసి గోడకి పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టండి.

తర్వాత పీఎఫ్ఎఫ్ గ్రేడ్‌తో, ఈఎస్‌పీఎన్ విన్ రేట్‌తో పోల్చండి. సంఖ్య కలవాలని లేదు, దిశ కలవాలి. తేడా పెద్దదైతే వెంటనే మీ మార్కులు మార్చేయకండి, ప్రశ్నార్థకాలు పెట్టిన స్నాప్‌లకి తిరిగి వెళ్ళండి. తేడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. ముందే ఆ గ్రేడ్ చూసి మ్యాచ్ పెట్టారంటే మాత్రం మీ కన్ను ఆ సంఖ్యకి లొంగిపోతుంది. కాబట్టి ముందు మీ షీట్, ఆ తర్వాతే వాళ్ళది.

కనీసం మూడు మ్యాచ్‌లు, ఒంటరిగా నిలబడ్డ పాస్ స్నాప్‌లు ఓ యాభై అయ్యేదాకా ఎవరికీ గట్టిగా ఏమీ చెప్పకండి.

మీ అబ్బాయి హైస్కూల్ లైన్‌లో ఆడుతుంటే

టెక్సస్‌లో ఉన్న తల్లిదండ్రులు కొందరు ఇది కూడా అడిగారు. పద్ధతి ఇదే. చాలా స్కూళ్ళు వీడియోలు హడ్ల్ అనే మ్యాచ్ వీడియోల సైట్‌లో పెడతాయి, మీ అబ్బాయి ఖాతాలో చూడొచ్చు. లేకపోతే శుక్రవారం రాత్రి ఎండ్ జోన్ వెనక వీలైనంత ఎత్తున కూర్చుని ఫోన్‌లో తీయండి, జూమ్ చేయకుండా ఐదుగురూ ఫ్రేమ్‌లో ఉండేలా. సైడ్‌లైన్ నుంచి తీసిన వీడియోలో చేతులు ఎక్కడ పడ్డాయో కనిపించవు.

మార్కులు మాత్రం ఇంటికొచ్చిన రాత్రే అతనికి చూపించకండి. ఆ వారం కోచ్ ఏం దిద్దమన్నాడో మొదట అతన్నే అడగండి. తర్వాత ఆ ఒక్క తప్పు ఉన్న రెండు స్నాప్‌లు, దాన్ని సరిగ్గా చేసిన రెండు స్నాప్‌లు పక్కపక్కన పెట్టి ఇద్దరూ కలిసి చూడండి. నాలుగు చాలు.